పెద్దయ్యాక 'ఫైండింగ్ నీమో' మళ్లీ చూసినవాళ్లు ఉన్నారా? నాకైతే ఈసారి నీమో కంటే వాళ్ల నాన్నే కనిపించాడు

నాగావళి గట్టు | శనివారం రాత్రి 10:40

ఈ సినిమా వచ్చింది 2003లో. నీమో అనే క్లౌన్ చేప పిల్లని మనుషులు పట్టుకుపోయి సిడ్నీలో ఒక డెంటిస్టు తొట్టెలో పెడితే, తండ్రి మార్లిన్ మతిమరుపు చేప డోరీతో కలిసి సముద్రమంతా వెతికే కథ. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. సీడీ అద్దెకి తెచ్చుకుని మా పెదనాన్న గారింట్లో కంప్యూటర్ మీద చూశాం, పిల్లలమంతా ఒకరి మీద ఒకరు పడి. ఇంగ్లీషు సగం కూడా బుర్రకెక్కలేదు గానీ సొరచేపలు, తాబేళ్లు, "నాది నాది" అని కొట్టుకునే సముద్రపు పక్షులు, ఇవన్నీ గుర్తుండిపోయాయి. నీమో తండ్రి మార్లిన్ మీద మాత్రం అప్పుడు ఒకటే అభిప్రాయం, ఎవడ్రా బాబూ వీడు, ఇంత చాదస్తం ఏంటి అని.

మొన్న మా పాపకి చూపిద్దామని ఓటీటీలో పెట్టాను. పాప యూకేజీ. అది మరమరాలు తింటూ హాయిగా చూస్తోంది, నాకేమో మొదటి ఐదు నిమిషాలకే గొంతు పట్టేసింది. బారకుడా వస్తుంది, తల్లి పోతుంది, వందల గుడ్లు పోతాయి, ఒక్కటి మిగులుతుంది, అదీ చిట్లిపోయి. చిన్నప్పుడు ఈ సీను చూసిన గుర్తే లేదు నాకు. స్కూలు మొదటి రోజు మార్లిన్ గూట్లోంచి బయటకొచ్చి, మళ్లీ లోపలికెళ్లి, మళ్లీ తొంగిచూసి, అప్పుడు కొడుకుని బయటకి తీసుకొస్తాడు చూడండి, పొద్దున్న స్కూలు ఆటో వచ్చే టైముకి మా గేటు దగ్గర నేను చేసే పని అదే. మా ఆవిడ టీవీ వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ.

అప్పుడు ఎవరి పక్షం, ఇప్పుడు ఎవరి పక్షం మీరు?

ఆమదాలవలస ఆటో | శనివారం రాత్రి 10:52

నేను అప్పుడూ ఇప్పుడూ ఆ పక్షుల పక్షమే అన్నా. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో బండి ఆగి ఒక్క పాసింజరు బ్యాగుతో బయటకి రావాలి గానీ మా స్టాండు మొత్తం అదే డైలాగు. డైరెక్టర్ ఎవరో మా స్టేషన్‌కి వచ్చి వెళ్లినట్టున్నాడు.

గంటస్తంభం గడియారం | శనివారం రాత్రి 11:15

ఆ డైరెక్టర్ పేరు ఆండ్రూ స్టాంటన్. ఈ సినిమా పుట్టిందే మీరు చెప్తున్న చాదస్తం లోంచి. ఆయన కొడుక్కి ఐదేళ్లప్పుడు పార్కుకి తీసుకెళ్తే దారి పొడవునా అది ముట్టుకోకు, ఇటు రాకు, పడిపోతావు అనడంతోనే సరిపోయిందట. కొడుకుతో గడపాల్సిన సమయాన్ని భయం తినేస్తోందని అప్పుడు అనిపించిందని ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఇంకో విశేషం, సినిమాలో మార్లిన్‌కి పూర్తి వ్యతిరేకంగా, పిల్లాడిని ధైర్యంగా వదిలేసే తాబేలు తండ్రి క్రష్ ఉన్నాడు కదా, ఆ గొంతు స్టాంటన్‌దే. తను అవ్వలేకపోయిన తండ్రికి తనే గొంతు ఇచ్చుకున్నాడన్న మాట. (ఇది నా ముక్క, ఆయన అనలేదు.)

మీరు చెప్పిన మొదటి సీను గురించి కూడా చెప్పాలి. ముందు రాసుకున్న ప్రకారం తల్లి చావు సినిమా మొదట్లో లేదు. ముక్కలు ముక్కలుగా ఫ్లాష్‌బ్యాకుల్లో వచ్చి చివరికి తెలిసేది. అలా చూసినప్పుడు మార్లిన్ ఎవరికీ నచ్చలేదు, ఊరికే సణిగేవాడిలా ఉన్నాడు. ఆ విషాదాన్ని తీసుకొచ్చి ముందు పెట్టేసరికి అదే సణుగుడుకి అర్థం వచ్చింది. గొంతు కూడా మొదట విలియం మేసీతో రికార్డు చేసి తర్వాత ఆల్బర్ట్ బ్రూక్స్‌కి మార్చారు. 2003 సినిమాలకి ఇచ్చిన ఆస్కార్లలో ఉత్తమ యానిమేషన్ చిత్రం ఇదే.

అయితే చిన్నప్పుడు మీకు ఆ సీను గుర్తులేకపోవడం ఆశ్చర్యమేమీ కాదు. అక్కడ చావు చూపించరు. కత్తిరించి, చీకటి, ఆ తర్వాత ఖాళీ గూడు. ఏం జరిగిందో ఊహించుకోగలిగినవాడికే దెబ్బ తగులుతుంది. పిల్లలు ఊహించుకోరు, మరమరాలు తింటారు.

రాజాం టీచరమ్మ | ఆదివారం ఉదయం 6:20

నేను మా స్కూల్లో ఐదో తరగతి వాళ్లకి ప్రొజెక్టర్ మీద చూపించాను. నాలాంటివాళ్లకి ఇందులో మార్లిన్, నీమో ఇద్దరూ కాదు, ఆ టేకు చేప మాస్టారు ముఖ్యం. పిల్లలందరినీ వీపు మీద ఎక్కించుకుని పాట పాడుకుంటూ తీసుకెళ్తాడు, తిరిగొచ్చేసరికి ఒక పిల్లాడు లేడు. పెద్దయ్యాక చూస్తే నాకు అక్కడ చెమటలు పట్టాయి. ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్లిన ప్రతి టీచరూ బస్సు ఎక్కేముందు తలకాయలు లెక్కపెడతారు, మళ్లీ లెక్కపెడతారు, ఒకటి తగ్గితే ప్రాణం ఎక్కడికో పోతుంది.

కానీ గట్టు గారూ, మార్లిన్ న్యాయంగా ఉన్నాడంటే నేను ఒప్పుకోను. ఆ సీను మళ్లీ చూడండి. నీమో అంచు దాకా వెళ్లాడు గానీ దాటలేదు, భయపడి ఆగే ఉన్నాడు. అప్పుడు తండ్రి వచ్చి తోటి పిల్లల ముందు, మాస్టారి ముందు, "నీ వల్ల అవుతుందనుకుంటున్నావు, నీ వల్ల కాదు" అని అంటాడు. ఒక రెక్క చిన్నదిగా పుట్టిన పిల్లాడితో, నలుగురిలో. ఆ తర్వాతే వాడు మొండికేసి పడవ దాకా ఈదాడు. వాడిని అక్కడికి నెట్టింది సముద్రం కాదు, ఆ మాట. మా క్లాసులో ఒకబ్బాయికి చెయ్యి సరిగ్గా రాదు, వాళ్ల నాన్న రోజూ బెంచీ దాకా వచ్చి బ్యాగు పెట్టి, పుస్తకాలు తీసి పెట్టి వెళ్తారు. ప్రేమే, కాదనను. పిల్లాడు ఆ ఐదు నిమిషాలూ కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చుంటాడు.

నాగావళి గట్టు | ఆదివారం ఉదయం 8:05

మేడం, మాట తప్పే, అందులో సందేహం లేదు. కానీ భయం తప్పు కాదు కదా. నాలుగు వందల చిల్లర గుడ్లలో ఒక్కటి మిగిలినవాడికి ఆ ఒక్కదాని మీద ఎంత భయం ఉండాలో ఎవరు లెక్క కడతారు?

రాజాం టీచరమ్మ | ఆదివారం ఉదయం 8:30

భయం ఉండనీయండి. దాన్ని పిల్లాడి నెత్తిన పెట్టకండి అంటున్నాను. తిమింగలం కడుపులో డోరీ చెప్పేది అదేగా. నా కొడుక్కి ఎప్పటికీ ఏమీ జరగనివ్వనని మాటిచ్చాను అంటాడు మార్లిన్. అదేం మాట, ఏమీ జరగనివ్వకపోతే వాడికి ఇంక ఏమీ జరగదుగా అంటుంది ఆమె, అమాయకంగా. మా పిల్లలు అక్కడ నవ్వారు. నేను పక్కకి తిరిగి ప్రొజెక్టర్ వైరు సరిచేశాను.

మెరకవీధి కోడలు | ఆదివారం ఉదయం 11:48

పొద్దుటి నుంచి చదువుతున్నాను, అందరూ నాన్న నాన్న అంటున్నారు. అమ్మ ఐదు నిమిషాల్లో పోయింది, ఒక్కరికీ పట్టలేదు. కోరల్ ఆమె పేరు. బారకుడా ఎదురుగా ఉన్నప్పుడు మార్లిన్ ఆమెని ఇంట్లోకి వెళ్లిపొమ్మంటాడు, ఆమె గుడ్ల వైపు వెళ్తుంది. ఆ ఒక్క క్షణంలో ఎవరికి ఏది ముఖ్యమో తేలిపోయింది. పిల్లల సినిమాల్లో అమ్మని ముందే పంపించేయడం వీళ్లకి ఒక అలవాటు, అమ్మ ఉంటే కథ మొదలవదని కాబోలు.

నేను రాయాలనుకున్నది డోరీ గురించి. మా అత్తయ్యకి మతిమరుపు జబ్బు మొదలై కొంతకాలమైంది. పొద్దున్న టిఫిన్ తిన్నానా అని ఐదుసార్లు అడుగుతుంది. నన్ను ఒకరోజు పేరు పెట్టి పిలుస్తుంది, ఒకరోజు తన చెల్లెలు అనుకుంటుంది, ఒకరోజు "ఎవరమ్మా నువ్వు, కూర్చో" అని మర్యాద చేస్తుంది. అయితే పార్వతీపురంలో వాళ్ల పుట్టింటి అడ్రసు మాత్రం వీధి పేరుతో సహా గడగడా చెప్తుంది. డోరీకి మునిగే ఆయన కళ్లద్దాల మీద ఉన్న సిడ్నీ అడ్రసు గుర్తున్నట్టు. కాలేజీ రోజుల్లో డోరీని చూసి పొట్ట పట్టుకుని నవ్వినదాన్ని, ఈ మధ్య టీవీలో వస్తుంటే ఛానెల్ మార్చబోయాను. మా అత్తయ్యే ఉంచమంది, నీలం చేప బాగుందని.

సిడ్నీలో మార్లిన్ కొడుకు చనిపోయాడనుకుని వెళ్లిపోతుంటే డోరీ ఆగమంటుంది, చూశారా. నీ పక్కనుంటే నాకు గుర్తుంటుంది, నువ్వు వెళ్లిపోతే ఇదంతా పోతుంది, నిన్ను చూస్తే ఇంట్లో ఉన్నట్టుంటుంది అంటుంది. నవ్వించడానికి పెట్టిన పాత్ర ఉన్నట్టుండి అలా మాట్లాడుతుంది. మార్లిన్ వెనక్కి తిరగడు. నాకు సినిమా మొత్తంలో అతని మీద కోపం వచ్చింది అక్కడే. కొడుకుని వెతకడానికి సముద్రమంతా దాటినవాడు ఆమెని నడినీళ్లలో వదిలేసి పోయాడు, అక్కడ ఎవరూ అతన్ని ఒక్క మాట అనరు. మతిమరుపున్న మనిషిని చూసుకునే ఇళ్లలో ఇది తెలుస్తుంది, పిల్లాడి కోసం పడిన తిప్పలు అందరూ చెప్పుకుంటారు, ముసలావిడ కోసం పడినవి ఎవరూ అడగరు కూడా.

గంటస్తంభం గడియారం | ఆదివారం మధ్యాహ్నం 12:10

అక్కా, 2016లో వచ్చిన రెండో భాగం చూశారా, 'ఫైండింగ్ డోరీ'? అందులో డోరీ తల్లిదండ్రులు ఆమె ఎప్పటికైనా తిరిగొస్తుందని గవ్వలు, ఆల్చిప్పలు వరసగా పేర్చి ఇంటికి దారి వేసి ఉంచుతారు. సినిమాగా మొదటిదానికి సాటి రాదు, కథ అక్కడక్కడే తిరుగుతుంది. కానీ ఆ గవ్వల దారి దగ్గర మాత్రం నా నోట మాట రాలేదు.

మెరకవీధి కోడలు | ఆదివారం మధ్యాహ్నం 12:14

చూడలేదు తమ్ముడూ. ఇప్పుడప్పుడే చూడను కూడా.

చేపల మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 3:30

విజయనగరంలో జువాలజీ చెప్పి రిటైరయిన వాణ్ణి. మీ బాధలన్నీ చదివాను. ఇప్పుడు నేను చెప్పేది వింటే సినిమా ఇంకోలా కనిపిస్తుంది, కోపం తెచ్చుకోకండి.

ఈ క్లౌన్ చేపల గుంపులో పెద్దది ఆడది. దాని తర్వాతి సైజుది మగది, జతకట్టేది ఆ రెండే. మిగతావి చిన్నవి, పెరగకుండా తమ వంతు కోసం కాచుకుని ఉంటాయి. పెద్ద ఆడది చచ్చిపోతే మగది కొద్ది వారాల్లో ఆడదిగా మారిపోతుంది. కింద ఉన్న చిన్నవాటిలో పెద్దది మగదిగా ఎదుగుతుంది. కాబట్టి కోరల్ పోయాక ప్రకృతి లెక్క ప్రకారం మార్లిన్ తండ్రిగా ఉండడు, ఆడ చేప అయిపోతాడు. ఆ తర్వాత గూట్లో నీమో ఒక్కడే ఉంటే ఏమవుతుందో ఈ వేదికలో రాయను, కుటుంబాలు చదువుతాయి.

అయితే ఒక విషయం సినిమా వాళ్లు సరిగ్గా పట్టుకున్నారు. ఈ జాతిలో గుడ్లకి కాపలా కాసేది ఎక్కువగా మగదే. రెక్కలతో నీళ్లు విసురుతూ గాలి ఆడేలా చూస్తుంది, పాడైన గుడ్లని ఏరి పారేస్తుంది. పిల్లలు వారం, పది రోజుల్లో పొదిగి బయటకొస్తాయి, వచ్చిన వెంటనే నీటిలో కొట్టుకుపోతాయి. తండ్రి వెంట పడడు, గుర్తుపట్టడు. ఇవి గూడు చేసుకునేది ఎనిమోను అనే సముద్ర జీవిలో, దాని మీసాల్లాంటి టెంటకిల్స్ మిగతా చేపల్ని కుడతాయి గానీ వీటి ఒంటి మీది జిగురు వల్ల వీటిని ఏమీ చేయవు, అదీ నిజమే. చేపలు ఈదే తీరు నేర్చుకోవడానికి ఆ యానిమేషన్ బృందం చేపల శాస్త్రవేత్త ఆడం సమ్మర్స్‌ని పిలిపించుకుని పాఠాలు చెప్పించుకుంది, సినిమా చూస్తే ఆ పాఠాలు ఒంటబట్టినట్టే ఉంది, ఏ చేప ఏ రెక్కతో ఈదాలో ఆ రెక్కతోనే ఈదుతుంది.

ఆమదాలవలస ఆటో | ఆదివారం మధ్యాహ్నం 3:41

ఓలమ్మో. మాస్టారూ, మా గుంటడికి ఇప్పుడు నేనేటి చెప్పాలి? వాడు నిన్నే అడిగాడు నీమో వాళ్ల అమ్మ ఎక్కడుంది నాన్నా అని.

చేపల మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 3:50

సినిమా అంతా వెతుకుతూనే ఉంది బాబూ అని చెప్పు.

గార తీరం కుర్రోడు | ఆదివారం రాత్రి 9:12

మాది సముద్రం ఒడ్డు ఊరు. తాతల నుంచీ వేటే. నేను డిగ్రీ చదివి ఇప్పుడు విశాఖలో పని చేస్తున్నాను, ఊళ్లో మా వాళ్లు ఇంకా వేటకెళ్తారు. పండక్కి వెళ్లినప్పుడు పిల్లల కోసం ల్యాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టాను. మా చిన్నాన్నలు, పిన్నులు, అందరూ వచ్చి కూర్చున్నారు. చివర్లో వల సీను ఉంది కదా, డోరీ వలలో పడిపోతే నీమో లోపలికెళ్లి అందరూ కిందికి ఈదండి అంటాడు, చేపలన్నీ ఒక్కసారి కిందికి లాగేసరికి పడవ మీది దూలం విరిగి వల సముద్రంలో పడిపోతుంది. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. వెనక నుంచి మా పెద్దవాళ్లంతా ఒకే గొంతు, "అయ్యో, వల!" అని. మా చిన్నాన్న అయితే లేచి నిలబడిపోయాడు. ఆ వల ఎంత, ఆ డీజిల్ ఎంత, ఇప్పుడు ఆ సరంగు ఓనరుకి ఏం చెప్తాడు, ఇదీ చర్చ. నీమో బతికాడా లేదా అని ఒక్కరూ చూడలేదు. వల పోతే ఆ సీజన్ అంతా అప్పు మీదే.

చిన్నప్పుడు నాకు తట్టలేదు గానీ ఆ సినిమాలో మేం విలన్లం. డెంటిస్టు కూడా కాదు, అతను పాపం చేపని కాపాడాననుకుంటున్నాడు. మొహాలు కూడా చూపించరు పడవలో వాళ్లవి.

ఉప్పుగాలి | ఆదివారం రాత్రి 9:40

మొహాలు చూపించకపోవడం మంచిదేమో. నేను సోంపేట వైపు తాబేళ్ల గుడ్ల సంరక్షణ కేంద్రంలో వాలంటీర్‌గా చేస్తున్నాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర మన తీరానికి వచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి, ఒక్కోటి వందకి అటూ ఇటూ. ప్రతి సీజన్‌లో ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లని కూడా మేమే పూడుస్తాం. వలలో ఇరుక్కుని, పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోయినవి. తాబేలు బయటపడే పరికరం వలకి పెట్టుకోవాలని రూలు ఉంది, పెట్టుకునేది ఎందరు? వల పోయిందని మీ చిన్నాన్న లేచి నిలబడ్డారు సరే, ఆ వలలో ఏమేం పోతాయో కూడా చూడాలి కదా తమ్ముడూ.

గార తీరం కుర్రోడు | ఆదివారం రాత్రి 10:02

ఆ రూలు మరబోట్లకి మేడం, గంటలకొద్దీ అడుగున వల ఈడ్చుకుంటూ పోయేవాటికి. మా నాటు పడవకి ఆ వలే లేదు. అవి వచ్చి మా వలలు కూడా కోసుకుని పోతాయి. తాబేలు వలలో పడితే మా తాత పసుపు, కుంకుమ పెట్టి వదిలేసేవాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టుకునే టైము అని ఒడ్డున కూర్చుంటాం. చేపల మీద ప్రేమ లేదని మమ్మల్ని అనకండి.

ఉప్పుగాలి | ఆదివారం రాత్రి 10:15

మీ పడవని అనలేదు. అయినా మీరు చెప్పిన తేడా నిజమే, ఒడ్డున మాకు సాయం చేసేది కూడా మీ ఊళ్లవాళ్లే. గూడు ఎక్కడ ఉందో రాత్రి కనిపెట్టి ఫోన్ చేసేది వాళ్లే.

సినిమాలో తాబేళ్ల దగ్గర నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. క్రష్‌కి 150 ఏళ్లట, కొడుకు స్క్విర్ట్‌తో కలిసి ఆస్ట్రేలియా తూర్పు తీరం పక్కన పారే నీటి ప్రవాహంలో షికారు. ఆ ప్రవాహం నిజంగానే ఉంది, పగడపు దిబ్బల వైపు నుంచి దక్షిణానికి సిడ్నీ దిక్కుగా పోతుంది. కానీ తాబేలుకి నాన్న లేడు, అమ్మ కూడా లేదు. ఇసక తవ్వి, పెట్టి, కప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు వాటంతట అవే బయటకొచ్చి వెలుగు వైపు పాకుతాయి. వెయ్యికి ఒకటి పెద్దదయితే గొప్ప అంటారు. కంచె కట్టి, కుక్కలు రాకుండా, నక్కలు రాకుండా రాత్రంతా కూర్చునేది మేము. కాబట్టి క్రష్ ఫిలాసఫీ అంతా తాబేలుకి పుట్టుకతో వచ్చింది, మార్లిన్ పని మనుషులకి పడింది.

నాగావళి గట్టు | ఆదివారం రాత్రి 10:30

కుర్రోడు తమ్ముడూ, ఒకటి అడుగుతాను. చిన్నప్పుడు కూడా చూశానన్నావు. అప్పుడు ఎవరి పక్షం నువ్వు?

గార తీరం కుర్రోడు | ఆదివారం రాత్రి 11:25

నీమో పక్షమే అన్నా. కానీ మీరంతా చెప్తున్న నీమో కాదు. అంచు దాటిన నీమో కాదు, డెంటిస్టు తొట్టెలో కూర్చున్న నీమో.

మాకు 193 కిలోమీటర్ల తీరం ఉందని అంటారు, పెద్ద పడవ ఆపుకునే చోటు లేదు. అందుకని మగాళ్లు గుజరాత్ పోతారు, వెరావల్‌లో ఓనర్ల బోట్ల మీద జీతానికి. మా అయ్య వానాకాలంలో వెళ్తే ఎండాకాలానికి వచ్చేవాడు. మధ్యలో ఉన్నాడా లేడా తెలియదు. అప్పుడు ఇంటింటికీ ఫోన్లు లేవు. ఒక బోటు వాళ్లు వైర్‌లెస్‌లో ఇంకో బోటుకి చెప్తే, ఆ బోటు ఒడ్డుకి వచ్చినప్పుడు ఎవరో మా ఊరి షాపుకి ఫోన్ చేస్తే, ఆ షాపాయన పిల్లాడిని మా ఇంటికి పంపేవాడు, ఫలానావాడు బాగున్నాడట అని. సినిమాలో మార్లిన్ కథ తాబేలు పిల్లలకి చెప్తే, వాళ్లు ఇంకో చేపకి, అది ఇంకోదానికి, పక్షులకి, అలా అలా సిడ్నీ దాకా వెళ్లి నైజల్ అనే ఆ గూడబాతు కిటికీ దగ్గరికొచ్చి నీమోకి చెప్తుంది కదా, మీ నాన్న నీకోసం సొరచేపలతో కొట్లాడాడురా అని. నీమో మొహం చూడండి అక్కడ. నాకు అప్పుడు ఇంగ్లీషు ముక్క రాదు, ఆ సీను మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు వెరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ వాళ్లకి చిక్కారు, కరాచీ జైల్లో పెట్టారు, 2020 జనవరిలో వాఘా దగ్గర అప్పగించారు. దాని మీద సినిమా వచ్చాక అందరికీ తెలిసింది గానీ మా చుట్టుపక్కల ఊళ్లకి ఆ ఏడాదంతా పండగ లేదు. మా ఇంట్లోవాళ్లు అందులో లేరు, పక్క ఊళ్లవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు కాయితాలు పట్టుకుని ఏ ఆఫీసుకి పొమ్మంటే ఆ ఆఫీసుకి పోయారు. వాళ్ల దగ్గర ఉన్నది బోటు నంబరు ఒక్కటే, డోరీ దగ్గర ఉన్న అడ్రసు ముక్కలాంటిది. మార్లిన్ కొడుకుని వెతుక్కుంటూ పోయాడు. మా దగ్గర పోయేది అయ్యలు. వెతికేది అమ్మలు.

అందుకే పెద్దయ్యాక చూస్తే నాకు మార్లిన్ చాదస్తంగానూ అనిపించలేదు, న్యాయంగానూ అనిపించలేదు. కుళ్లు వచ్చింది. పిల్లాడు స్కూలుకెళ్తుంటే గుమ్మంలో నిలబడి విసిగించేంతసేపు ఇంట్లో ఉన్నాడు చూడండి.

మెరకవీధి కోడలు | ఆదివారం రాత్రి 11:40

మీ నాన్నగారు ఇప్పుడు ఎక్కడున్నారు?

గార తీరం కుర్రోడు | ఆదివారం రాత్రి 11:44

ఊళ్లోనే ఉన్నాడక్కా. మోకాళ్లు పోయాయి, వెళ్లడం మానేశాడు. ఇప్పుడు నేను బైకు తీస్తే హెల్మెట్ ఏదీ అని రోడ్డు దాకా వస్తాడు. ఇన్నాళ్ల బాకీ తీరుస్తున్నాడు.

గంటస్తంభం గడియారం | సోమవారం ఉదయం 7:10

రాత్రి కుర్రోడు రాసింది చదివి సినిమా మళ్లీ పెట్టాను. తొట్టె భాగం ఇన్నాళ్లూ నాకు కామెడీ ట్రాక్‌లా ఉండేది. ఈసారి ఆ తొట్టెలోనే ఉండే పెద్ద చేప గిల్‌ని చూస్తూ కూర్చున్నాను. అతనిదీ దెబ్బతిన్న రెక్కే. నీమో గొట్టంలో ఇరుక్కుంటే మిగతావాళ్లు సాయానికి వెళ్లబోతారు, గిల్ ఆపేస్తాడు, నువ్వే బయటపడు అంటాడు. టీచరమ్మ గారికి నచ్చే సీను. కానీ అదే గిల్ తన ప్లాను కోసం పిల్లాడిని ఫిల్టర్ ఫ్యాను మధ్యలోకి పంపించి చంపినంత పని చేస్తాడు. మార్లిన్ భయం పిల్లాడిని కట్టేసింది, గిల్ నమ్మకం పిల్లాడిని వాడుకుంది. మన ఊళ్లలో ర్యాంకుల కోసం పిల్లల్ని హాస్టళ్లలో పడేసే నమ్మకం ఈ రెండో రకం. పైకి చూస్తే "మావాడు చేయగలడు" అన్నట్టే ఉంటుంది.

రాజాం టీచరమ్మ | సోమవారం సాయంత్రం 5:50

గిల్ గురించి బాగా చెప్పారు. అయితే ఒక తేడా. గిల్ తర్వాత ఆ పని మళ్లీ చేయించనని చెప్పి ఆపేస్తాడు. మన దగ్గర ఆపరు, ఇంకో బ్రాంచికి మారుస్తారు.

వల సీను గురించి కుర్రోడు చెప్పింది విన్నాక కూడా నేను ఒకటి అంటాను. నీమో నేను లోపలికెళ్తాను నాన్నా అన్నప్పుడు మార్లిన్ ఒక్క క్షణం రెక్క వదలడు, ఆ తర్వాత వదులుతాడు. నాకు మార్లిన్ మీదున్న కోపం అంతా అక్కడ పోయింది. అంతకుముందు తిమింగలం నాలుక మీంచి తనే పట్టు వదలాల్సి వస్తుంది, అప్పుడు నేర్చుకున్నదే ఇది. గట్టు గారూ, మీ పాపకి స్కూలు నుంచి ఎప్పుడైనా టూర్ కాగితం వస్తే ఏం చేస్తారు?

నాగావళి గట్టు | సోమవారం రాత్రి 9:20

వచ్చింది మేడం. కళింగపట్నం, లైట్‌హౌస్, బీచ్. కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. సంతకం పెట్టలేదు ఇంకా. బీచ్ అనగానే అలలు, బస్సు అనగానే హైవే. మా ఆవిడ పెట్టేస్తానంటోంది.

రాజాం టీచరమ్మ | సోమవారం రాత్రి 9:26

ఆవిణ్ణి పెట్టేయనివ్వండి.

నాగావళి గట్టు | సోమవారం రాత్రి 9:31

చూద్దాం. ఉప్పుగాలి గారూ, తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు చిన్నపిల్లల్ని తీసుకురావచ్చా? ముందు నాతో ఒకసారి ఒడ్డుకి వస్తే స్కూలుతో పంపడానికి కాస్త ధైర్యం వస్తుందేమో. ధైర్యం నాకు, పాపకి కాదు.

ఉప్పుగాలి | సోమవారం రాత్రి 10:05

తప్పకుండా తీసుకురండి. గుడ్లు పొదిగేదాన్ని బట్టి ముందురోజు రాత్రి తెలుస్తుంది, కబురు పెడతాను. తెల్లవారకముందే రావాలి, ఎండెక్కితే ఇసక కాలి పిల్లలు పాకలేవు. చేత్తో పట్టుకోవడం ఉండదు, ఫ్లాష్ వేసి ఫొటోలు తీయకూడదు, సెల్ టార్చ్ అసలు వద్దు, వెలుతురు ఎటుంటే అటు పోతాయి. పిల్లలకి గీత గీసి ఆ గీత వెనక నిలబెడతాం. దాటేది ఎప్పుడూ పెద్దవాళ్లే.

గార తీరం కుర్రోడు | సోమవారం రాత్రి 10:18

అన్నా, కారులో వస్తే తారు రోడ్డు అయిపోయినచోటే ఆపెయ్. ఒడ్డు దగ్గరదాకా తెద్దామని చూస్తే టైర్లు ఇసకలో దిగబడిపోతాయి. ఆ టైముకి మగాళ్లంతా వేటకెళ్లి ఉంటారు, నెట్టడానికి ఊళ్లో ఎవరూ దొరకరు.